అమ్మ పేరుతో తిట్టాడు, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది విజయవాడ. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో బండి పెట్టే దగ్గర మాటా మాటా పెరిగి, పై ఫ్లాటాయన అందరి ముందూ మా అమ్మ పేరెత్తి పచ్చి బూతులు తిట్టాడు. అమ్మ పోయి అప్పటికి నెల కూడా కాలేదు. నేనూ ఆవేశంలో ఒక మాట అన్నాను. ఎనిమిది నెలలైనా అతనన్న మాట గుర్తొస్తే నిద్ర పట్టదు. పోలీసులు ఫిర్యాదు తీసుకుని కోర్టుకు వెళ్లమన్నారు. ‘మీ ఆవిడను తిట్టాడని రాసివ్వండి, వెంటనే కేసు కడతారు’ అంటున్నారు తెలిసినవాళ్లు. పక్కింటి కుర్రాడు తీసిన వీడియో వాట్సాప్‌లో ఉంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు పంపిన ఫిర్యాదు నకలు చదివాను. అందులో అమ్మగారి గురించి ఉంది, మీ బీపీ గురించి ఉంది. అతనన్న మాట మాత్రం లేదు. ‘రాయలేని మాటలు’ అని వదిలేశారు. సిగ్గుపడి మీరు రాయకపోతే మేజిస్ట్రేటు దేన్ని చూసి నిర్ణయించాలి? అన్నది అన్నట్టుగా, అక్షరం మార్చకుండా రాయండి.

ఎందుకంటే బూతు మాట వాడినంత మాత్రాన నేరం కాదు. ప్రాణ స్నేహితులు అదే మాట నవ్వుతూ అనుకుంటారు. బూతులు జనం కోపం, చిరాకు వెళ్లగక్కడానికి వాడతారని, వాటి అసలు అర్థం పట్టుకుని అశ్లీలమనలేమని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. అందుకే అశ్లీల పదాలకు సంబంధించిన భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 296 మీద ఆశ పెట్టుకోకండి. సెల్లార్ బహిరంగ ప్రదేశమా కాదా అన్న వాదన కూడా వస్తుంది.

మీకు పనికొచ్చేది అదే చట్టంలోని సెక్షన్ 352. శాంతిభంగం కలిగేలా రెచ్చగొట్టాలని, లేదా అలా జరగొచ్చని తెలిసి, కావాలని అవమానించడం. రెండేళ్ల వరకు జైలు. మీరు తిరిగి కొట్టి ఉండాల్సిన అవసరం లేదు. తల్లిని అంటే ఏ కొడుకైనా చెయ్యెత్తుతాడని తెలిసే అన్నాడని చూపించాలి. అన్న మాట, అతను మీదికొచ్చిన తీరు, చుట్టూ ఉన్నవాళ్లు పట్టుకుని ఆపడం, ఇవీ మీ సాక్ష్యం. కోర్టు ఉత్తర్వు లేకుండా ఈ నేరాన్ని పోలీసులు దర్యాప్తు చేయలేరు, కాబట్టి ఆ ఎస్సై మీద కోపం పెట్టుకోకండి.

మీ ఆవిడ విషయం. ఆ సమయానికి ఆమె పుట్టింట్లో ఉన్నారని మీరే రాశారు. లేని మనిషిని తిట్టాడని ఎలా రాసిస్తారు? తెలిసి తప్పుడు నేరారోపణ చేస్తే 248 కింద ఐదేళ్ల వరకు జైలు పడొచ్చు. పైగా ఒక్క అబద్ధం బయటపడితే మీ అసలు ఫిర్యాదునూ ఎవరూ నమ్మరు. ఆ సలహా ఇచ్చినవాళ్లను ఇంటికి రానివ్వకండి.

ఇక మీ నిర్లక్ష్యం. సెల్లార్ సీసీ కెమెరా ఫుటేజీ కోసం అసోసియేషన్‌కు ఒక్క కాగితం ఇవ్వలేదు. కొద్ది వారాల్లో పాత రికార్డు చెరిగిపోతుంది. చేతులారా పోగొట్టుకున్నారు. మిగిలింది ఆ కుర్రాడి ఫోన్. మీ వాట్సాప్‌లో ఉన్నది కాపీ మాత్రమే. అతను ఫోన్ మార్చేలోపు అసలు ఫైలు భద్రం చేయించండి. భారతీయ సాక్ష్య అధినియం 63 ప్రకారం సర్టిఫికెట్ కావాలి, అందులో హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్రలాంటి సంకేతం) ఉండాలి, నిపుణుడి సంతకం కూడా. మీరన్న మాట దగ్గర వీడియో కత్తిరించాలని అనిపిస్తుంది. అస్సలు చేయకండి. నిందితుడికి తన మాట చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా మేజిస్ట్రేటు ఇప్పుడు ఫిర్యాదును విచారణకు స్వీకరించరు, ఆ మాటను అతనే ముందుగా చూపిస్తాడు. మీరే ఫిర్యాదులో రాసేయండి.

352కి కాలపరిమితి మూడేళ్లు, తొందర లేదు. 296 కూడా కలపాలన్నా, పరువు నష్టం దావా వేయాలన్నా ఏడాదే, అంటే మీకు నాలుగు నెలలుంది. ఈ వారంలోనే వాచ్‌మన్‌తో, ఆపిన ఇద్దరితో మాట్లాడి, సాక్ష్యం చెబుతారో లేదో తేల్చుకోండి. తర్వాత మీ దగ్గరి క్రిమినల్ లాయరు ద్వారా ప్రైవేటు ఫిర్యాదు, అంటే నేరుగా మేజిస్ట్రేటుకే ఇచ్చే ఫిర్యాదు, వేయండి. 352 రాజీ పడదగ్గ నేరం. అతను అందరి ముందూ రాతపూర్వకంగా క్షమాపణ చెబుతానంటే లోక్ అదాలత్‌లో ముగించుకోవచ్చు. ఆ కాగితంలోనూ అతనన్న మాట రాయించండి.