హార్స్‌లీ హిల్స్ దారిలో వణికే డాష్‌హండ్‌కు

తిరుపతి నుంచి డిసెంబరు తెల్లవారుజామున కారులో హార్స్‌లీ హిల్స్‌కు బయలుదేరితే మీ డాష్‌హండ్ జాతి కుక్క దారంతా వణుకుతోందన్నారు. పొట్టి వెంట్రుకలు, నేలకు దగ్గరగా ఉండే పొట్ట. ఇక సుమారు 4,000 అడుగుల ఎత్తున చలి సంగతి చెప్పాలా!

స్వెటరు సంగతి తర్వాత, ముందు కారులో అది పడుకునే చోటు చూడండి. గోనెపట్టా మడతపెట్టి వేసి, పైన పాత దుప్పటి పరవండి. వేడినీళ్ల సీసాకు తువ్వాలు చుట్టి ఒక పక్కనే పెట్టండి. వేడి ఎక్కువైతే కుక్క పక్కకు జరగడానికి చోటుండాలి. మదనపల్లెలో టీకి ఆగినప్పుడు మంచుకు తడిస్తే పొట్ట, పాదాలు బాగా తుడవండి. తడి ఒంటిమీద స్వెటరు వేస్తే చలి ఇంకా పెరుగుతుంది. ఆపిన కారులో ఒంటరిగా వదలకండి.

వణుకు ఆగి మందకొడిగా పడుకుంటే తేరుకుందనుకోవద్దు, వెంటనే పశువైద్యుడికి చూపించండి.