డబ్బాలో సింగపూర్

ప్రశ్న: పదకొండేళ్లు సింగపూర్‌లో ఉండి కిందటేడు రాజమండ్రి వచ్చేశాం. అక్కడ బస్సుకీ రైలుకీ టికెట్‌లా వాడే ఈజీ-లింక్ కార్డు, కాఫీ కప్పు, షాపు బిల్లులు, నాణేలు ఒక బిస్కెట్ డబ్బాలో దాచుకున్నాను. వాటిని బొమ్మలుగా వేసుకోవాలని ఉంది, కానీ స్కూలు తర్వాత పెన్సిల్ పట్టింది లేదు. ఎలా మొదలుపెట్టమంటారు?
- ఒక పాఠకురాలు

జవాబు: ముందు బిల్లుల సంగతి చూడండి, అవి ఆగవు. చాలావరకు సిరా లేకుండా వేడితో అచ్చయ్యే థర్మల్ కాగితమే కాబట్టి మన ఎండలకి అక్షరాలు వెలిసిపోతాయి, ఈ వారమే ఫోటో తీసుకుని ఏం కొన్నారో చేత్తో రాసి పెట్టుకోండి. నాణేలకైతే గీసే పనే లేదు. పైన పల్చటి కాగితం పరిచి 2బి పెన్సిల్‌ని వాల్చి రుద్దితే చాలు, చిన్నప్పుడు మనందరం చేసిందే.

కప్పు దగ్గరే టెన్షన్. పై అంచుని కోడిగుడ్డులా గీసి, అడుగుని మాత్రం స్కేలు పెట్టినట్టు తిన్నగా లాగేస్తాం. పైనుంచి చూస్తున్నప్పుడు అడుగు కూడా వంపుగానే ఉంటుంది, నిజానికి పై అంచుకన్నా ఇంకాస్త ఎక్కువ వంపు.

డబ్బాలో లేనివీ వేయండి. హాకర్ సెంటర్లో, అంటే తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే ఆ హాల్లో, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి సీటు ఆపుకోవడం, అదే 'చోప్' చేయడం, గుర్తుందా? అచ్చం మన ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసినట్టే! ఆ టేబులూ, ప్యాకెట్టూ గీసి, ఆ రోజు పక్కన ఎవరున్నారో కింద రెండు ముక్కలు రాసుకోండి.

కార్డు మాత్రం గీయకండి, పుస్తకంలో అంటించేయండి.