తలకు దెబ్బ తగిలిన నాలుగు నెలలకు ఫిట్స్: మాత్రలు ఆపినందుకు కాదు

బైక్ మీంచి పడ్డాక వారం రోజులే ఫిట్స్ మాత్రలిచ్చి ఆపేశారు, అందుకే ఇప్పుడు మా తమ్ముడికి ఫిట్స్ వచ్చిందా అని మీరు అడిగారు. కాదండి. మెదడులో గాయం మానినచోట మిగిలిన మచ్చే కారణమై ఉంటుంది. ఆ మాత్రలు మొదటి 7 రోజుల్లో వచ్చే ఫిట్స్ కోసమే, తర్వాత వచ్చే మూర్ఛను అవి ఆపలేవు. మీ తప్పేమీ లేదు.

1. ఒక్కసారే కదా అని ఊరుకోకండి, ఈ వారమే న్యూరాలజిస్టుకి (మెదడు, నరాల డాక్టరు) చూపించండి. ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలు చూసే పరీక్ష) నార్మల్ వచ్చినా మూర్ఛ లేదని కాదు. మళ్లీ వస్తే ఒకరు వీడియో తీయండి, డాక్టరుకి అదే పెద్ద ఆధారం.

2. డాక్టరు ఇప్పుడు మందు మొదలుపెడితే, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. రెండు నెలలు ఫిట్స్ రాకపోతే తగ్గిపోయిందని కుర్రాళ్లు మందు మానేస్తారు. ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. "వేసుకున్నావా" అని అడగడం కాదు, రాత్రిపూట స్ట్రిప్‌లో ఎన్ని మిగిలాయో మీరే లెక్కపెట్టండి. పరీక్షల చదువైనా సరే, నిద్ర చెడగొట్టుకోనివ్వకండి.

3. ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు, నోట్లో చెంచా పెట్టొద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. 5 నిమిషాలు దాటితే 108.

డాక్టరు సరేననేదాకా బైక్, ఈత వద్దు.