పాత డాడ్జిని ఒకేసారి విప్పేయకండి

ఈ నెల పాత బళ్ల గురించి వచ్చిన ఉత్తరాల్లో మిలిటరీ బళ్లవే మూడు ఉన్నాయి. మొదటి ఉత్తరంలో అడిగింది చాలామందికి పనికొస్తుంది కాబట్టి దానికే ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ప్రశ్న: మాది పెందుర్తి. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక మిలిటరీ వాళ్లు వాడేసిన బళ్లు అమ్మే డిస్పోజల్ వేలంలో మా తాతగారు కొన్న డాడ్జి మిలిటరీ ట్రక్కు నర్సీపట్నం దగ్గర మా మామిడితోటలో, రేకుల షెడ్డు కింద ఇరవై ఏళ్లుగా కదలకుండా ఉంది. ఒకప్పుడు దాని మీద కలప తోలేవారని నాన్న చెబుతారు. నాన్న ఉండగానే దాన్ని ఇంటికి తెచ్చి, నా చేతులతో బాగుచేసి ఆయన్ని ఎక్కించుకుని తిప్పాలని ఉంది. నాకు మెకానిక్ పని రాదు, మోటార్ సైకిల్ ప్లగ్గు మార్చడం వరకే తెలుసు. ఇంజన్ తిరగడం లేదు, కింద రేకు తుప్పు తినేసింది, ఆర్సీ ఇంకా తాతగారి పేరు మీదే ఉంది. ఆటోనగర్‌లో ఒక మేస్త్రీ వచ్చి చూసి, మొత్తం విప్పేసి చాసిస్ (బండి కింది ఇనుప చట్రం) దగ్గర్నుంచి మొదలుపెడదాం, ఈ పాత ఇంజన్ తీసేసి డీజిల్ ఇంజన్ పెట్టేద్దాం అన్నారు. నాకు టెన్షన్‌గా ఉంది సార్. ఎక్కడ మొదలుపెట్టమంటారు?

జవాబు: మొత్తం విప్పేద్దాం అన్న మాట మాత్రం అస్సలు ఒప్పుకోకండి. మిగతావన్నీ నెమ్మదిగా మాట్లాడుకుందాం.

ఎందుకు ఇంత గట్టిగా చెబుతున్నానంటే, నా మొదటి బండిని నేను అలాగే విప్పాను. రెండు ఆదివారాల్లో బండి మొత్తం నేల మీద పరిచేశాను, కలపడానికి నాలుగేళ్లు పట్టింది, ఆ నాలుగేళ్లలో ఏ బోల్టు ఎక్కడిదో మర్చిపోయాను, తలుపు రేకులు గోడకి ఆనించిన చోటే తుప్పు పట్టిపోయాయి. మన విశాఖపట్నంలో పని చేసేవాళ్లు ముందు అర్థం చేసుకోవాల్సింది ఇదే. సముద్రపు గాలిలో ఉప్పు ఉంటుంది, రంగు గీకేసిన ఇనుము మీద రాత్రి చెయ్యి పెడితే తెల్లారేసరికి ఆ వేలిముద్రలు ఎర్రగా కనిపిస్తాయి. హైదరాబాద్‌లో వారం ఆగే పని ఇక్కడ ఒక్క పూట కూడా ఆగదు. కాబట్టి బండి ఎప్పుడూ నాలుగు చక్రాల మీద నిలబడే ఉండాలి, ఒక్కో భాగం విప్పి, బాగుచేసి, మళ్లీ బిగించాకే రెండో దాని జోలికి వెళ్లాలి.

అన్నిటికంటే ముందు కాగితాలు. ఆర్సీ మీద ఉన్న చాసిస్ నంబరు, ఇంజన్ నంబరు బండి మీద కొట్టిన వాటితో కలుస్తున్నాయో లేదో తోటలోనే చూసుకోండి, ఫోటోలు తీసుకోండి. తర్వాత వారసుల కాగితాలు పట్టుకుని నాన్నగారితో కలిసి ఆర్టీవో ఆఫీసుకు వెళ్లండి. 2021 జులైలో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించి వింటేజ్ బళ్లకు వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటాలి, చాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్తగా రిజిస్టర్ చేయడానికి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, నంబరులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. అలాంటి బండిని రోజువారీ తిప్పకూడదు, కిరాయికి అసలే పనికిరాదు. ర్యాలీలకి, ప్రదర్శనలకి, పెట్రోలుకి, రిపేరుకి మాత్రమే రోడ్డెక్కాలి. అందుకని నాన్నగారిని ఎక్కించుకుని ఎప్పుడు, ఎలా తిప్పాలన్నది ఏ రిజిస్ట్రేషన్ తీసుకుంటారన్న దాని మీద ఉంటుంది. ఈ నిబంధన సొంత వాడకపు రెండు, నాలుగు చక్రాల బళ్ల కోసం రాసింది, మీ ఆర్సీలో సరుకు లారీ అని ఉంటే ఆ సంగతి ఒక్క రూపాయి ఖర్చు పెట్టకముందే ఆఫీసులో తేల్చుకోండి.

మేస్త్రీ చెప్పిన డీజిల్ ఇంజన్ కూడా వద్దు, ఇంజన్ మారిస్తే ఆ వింటేజ్ రిజిస్ట్రేషన్‌కి అసలు రూపం పోతుంది. ఆ రోజుల్లో పెట్రోలు ఖర్చు భరించలేక ఇలాంటి డాడ్జిలకు మద్రాసు సింప్సన్ వాళ్లు తయారుచేసిన పెర్కిన్స్ డీజిల్ ఇంజన్లు పెట్టించుకున్నవాళ్లు చాలామంది, వాళ్లకి అది బతుకుతెరువు, తప్పు పట్టలేం. మీ తాతగారి బండిలో అసలు ఇంజనే మిగిలి ఉందంటే అది అదృష్టం. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన హార్బర్ మీద బాంబులు వేశాయి చూడండి, ఆ ఏడాదే అమెరికాలో ఈ ముప్పావు టన్ను డాడ్జి తయారీ మొదలైంది. ఆరు సిలిండర్లు, 230 ఘనపు అంగుళాలు, అంటే దాదాపు 3.8 లీటర్లు, 92 హార్స్‌పవర్. సైడ్ వాల్వ్ ఇంజన్, అంటే వాల్వులు పైన హెడ్డులో కాకుండా సిలిండర్ల పక్కన బ్లాకులోనే ఉంటాయి, చాలా సాదా ఇంజన్, నేర్చుకునేవాడికి ఇంతకంటే మంచి గురువు దొరకదు.

తోట నుంచి తెచ్చేటప్పుడు తాడు కట్టి లాక్కురాకండి. రెండున్నర టన్నుల బండి, బ్రేకులు లేవు. క్రేన్‌తో ఎత్తించి లారీ మీద తెప్పించండి. ఇంటి దగ్గర షెడ్డుకి రేకులు గట్టిగా బిగించండి, 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చినప్పుడు రేకులు ఎలా ఎగిరాయో మీరూ చూసే ఉంటారు.

పానాల సంగతి. ఈ బండికి అన్నీ అంగుళాల బోల్టులే. మన దగ్గర దొరికే 13 మిల్లీమీటర్ల పానా అర అంగుళం బోల్టు తలకి పట్టినట్టే ఉంటుంది, అర అంగుళం అంటే 12.7 మాత్రమే, గట్టిగా తిప్పగానే మూలలు అరిగిపోయి బోల్టు గుండ్రంగా అయిపోతుంది. అంగుళాల సెట్టు ఒకటి మంచిది కొనండి, మిగతావన్నీ తర్వాత. ఇంకొకటి, ఎడమవైపు చక్రాల నట్లు ఎడమ మరతో ఉంటాయి, అంటే మామూలు నట్టుకి తిరగేసి తిప్పితేనే ఊడతాయి, నట్టు ఎక్కే స్టడ్డు చివర ఎల్ అనే అక్షరం ఉందేమో తుడిచి చూడండి. ఇది తెలియక పైపు తగిలించి ఇద్దరేసి నిలబడి వ్యతిరేక దిక్కులో తొక్కి స్టడ్లు విరగ్గొట్టినవాళ్లని చూశాను.

ఇంజన్ కంటే ముందు బ్రేకులు చేయండి. స్టార్ట్ చేసి ఆ చప్పుడు వినాలని చేతులు దురద పెడతాయి, అందరికీ అంతే, కానీ స్టార్ట్ అయిన బండి కదులుతుంది, ఆగకపోతే గోడో మనిషో ఆపాలి. ఈ డాడ్జిలో నాలుగు చక్రాలకూ కలిపి ఒకటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేకు ఆయిల్‌ని నెట్టేది), ఒకటే లైను. చక్రం దగ్గరుండే వీల్ సిలిండర్ ఒక్కటి కారినా పెడల్ నేలకి దిగిపోతుంది, మిగతా మూడు చక్రాలూ పట్టవు. అందుకే ఒకటి బాగుంది, రెండోది బాగుంది అని లెక్క పెట్టుకోకుండా రబ్బరు కప్పులు, గొట్టాలు, ఇనుప పైపులు మొత్తం కొత్తవి వేయించండి. డ్రమ్ములోని పాత దుమ్ముని గాలి కొట్టి ఊదొద్దు, పాత బ్రేకు లైనర్లలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది, తడిగుడ్డతో తుడవండి. లైనర్లు రివెట్ కొట్టించే షాపులు ఆటోనగర్‌లో ఉన్నాయి. అన్నీ బిగించాక మాస్టర్ సిలిండర్‌కి దూరపు చక్రం నుంచి దగ్గర చక్రానికి వరసగా బ్రేకు లైనులోని గాలి తీయండి.

తర్వాతే ఇంజన్. ప్లగ్గులు ఊడదీసి ఒక్కో సిలిండర్‌లో డీజిల్, ఇంజనాయిల్ కలిపి కొంచెం పోసి వారం పదిరోజులు వదిలేయండి. రోజూ ఒకసారి ముందు హ్యాండిల్ పెట్టి మెల్లగా బరువు వేసి చూడండి. సెల్ఫ్ కొట్టొద్దు, గేరులో వేసి ఇంకో బండితో లాగించొద్దు, బిగుసుకున్న పిస్టన్ అలా రాదు, విరిగే వస్తుంది. తిరగడం మొదలయ్యాక కూడా ఒకటి రెండు వాల్వులు తెరుచుకుని ఉండిపోతాయి. బ్లాకు పక్కనున్న మూతలు తీస్తే వాల్వు కాడలు (స్టెమ్ములు) కనిపిస్తాయి, ఆయిల్ పట్టించండి, అయినా దిగకపోతే హెడ్డు విప్పించి పైనుంచి చెక్కముక్క పెట్టి తట్టాలి, ఆ పనికి మేస్త్రీని పక్కన ఉంచుకోండి. స్టార్ట్ చేసే ముందు ఇంజన్ కింద ఆయిల్ ఉండే తొట్టి (సంపు) విప్పి, అడుగున పేరుకున్న నల్లటి మడ్డి కడిగేయండి.

పెట్రోలు ట్యాంకుకి చిల్లులుంటే వెల్డింగ్ వాళ్ల దగ్గరకి తీసుకెళ్లకండి, ఏళ్ల తరబడి ఖాళీగా ఉన్న ట్యాంకు కూడా పేలుతుంది, ప్రాణాలు పోతాయి. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది, అది పాత రబ్బరుని తింటుంది, మన గాలిలోని తేమని లాక్కుంటుంది. ఇథనాల్‌కి తట్టుకునే పెట్రోలు పంపు డయాఫ్రమ్ (లోపలి రబ్బరు పొర), గొట్టాలు అడిగి తీసుకోండి, నెలల తరబడి బండి ఆపేటప్పుడు ట్యాంకు ఖాళీ చేయండి. కరెంటు లైను ఆరు వోల్టులదైతే పన్నెండు వోల్టుల కారు తీగలు వేయొద్దు, అదే పనికి రెట్టింపు కరెంటు పారాలి, సన్న తీగ కాలిపోతుంది.

బాడీ పని అన్నిటికంటే చివర, అదీ డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు. శాండ్ బ్లాస్టింగ్, అంటే గాలి ఒత్తిడితో ఇసుక కొట్టి తుప్పు రాల్చడం, చాసిస్‌కి, చక్రాలకి చేయించండి, పల్చటి రేకులకి వద్దు, వంకర పోతాయి. నా బండికి ఒక షెడ్డులో బీచ్ ఇసుకతో కొట్టారు. నేను పక్కనే ఉన్నాను, అడగలేదు. మొదటి వానాకాలానికే రంగు కింద బొబ్బలు లేచాయి, ఇసుకలోని ఉప్పు రేకులో ఉండిపోయింది. ఏ ఇసుక వాడుతున్నారో అడగండి, మామూలు ఇసుక దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం కాబట్టి స్టీల్ గ్రిట్ (ఉక్కు రవ్వ) వాడేచోటికి వెళ్లండి. గీకిన రోజే, సాయంత్రం లోపే ఎపాక్సీ ప్రైమర్ పడాలి. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ ఒక్కటే వేసి వదిలేస్తే తేమ లోపలికి దిగుతుంది.

మొదటిసారి రోడ్డెక్కే ముందు డబుల్ క్లచ్, అంటే ఒక్కో గేరు మార్చడానికి రెండుసార్లు క్లచ్ తొక్కడం, నేర్చుకోండి, గేర్ల వేగాన్ని దానంతటదే కలిపే సింక్రో ఈ గేర్‌బాక్సులో ఉండదు. మీ నాన్నగారికి ఆ బండి తోలడం తెలిసి ఉంటే ఆయనే నేర్పుతారు, ముందు ఆయన్నే సీట్లో కూర్చోబెట్టండి.

ప్రశ్న: గాజువాక నుంచి రాస్తున్నాను. వేలంలో శక్తిమాన్ ఆర్మీ లారీ దొరుకుతోంది, ధర తక్కువే. మొదటి బండిగా తీసుకోవచ్చా?

జవాబు: శక్తిమాన్ అంటే నాకూ ప్రాణమే. జర్మనీ మాన్ కంపెనీ లైసెన్సుతో జబల్‌పూర్‌లో 1959లో మొదలై 1996 దాకా తయారైన బండి, అది లేని ఆర్మీ కాన్వాయ్‌ని మా తరం చూడలేదు. కానీ మొదటి బండిగా వద్దు. చక్రం ఊడదీయడానికే ఇద్దరు మనుషులు కావాలి, ఇంజన్ ఎత్తాలంటే చైన్ బ్లాకు (గొలుసు కప్పీ) కావాలి, ఇంటి ముందు వీధిలో పెడితే అంబులెన్సు కూడా పోదు. ఆ సైజు చక్రాలకి రిమ్ము మీద టైరుని పట్టి ఉంచే లాక్ రింగు ఉంటుంది, తుప్పు పట్టిన రింగు గాలి కొడుతుండగా ఎగిరితే తల తీసేస్తుంది. వాల్వు పిన్ను తీసి గాలి పూర్తిగా పోయిందని చూసుకోకుండా ఏ పాత లారీ చక్రమూ ముట్టుకోవద్దు, గాలి ఎక్కించేటప్పుడు ఇనుప బోనులో పెట్టి కొట్టే షాపుకే వెళ్లండి. మిలిటరీ బండే కావాలంటే జొంగా చూడండి. నిస్సాన్ పెట్రోల్ నమూనాతో 1969 నుంచి అదే జబల్‌పూర్‌లో చేశారు, ఆరు సిలిండర్ల 3,956 సీసీ పెట్రోలు ఇంజన్, జీపు కంటే పెద్దదైనా ఒక్కడు చేసుకోగలిగిన బండి. ఏది కొన్నా వేలం అమ్మకపు కాగితం, విడుదల ఉత్తర్వు అసలువి చేతిలో పడకుండా డబ్బు పూర్తిగా ఇవ్వకండి.

ప్రశ్న: మాది ఎంవీపీ కాలనీ. నా పాత జీపుకి అచ్చం ఆర్మీ రంగు వేయించి, పైకి బాణం గుర్తున్న పాత మిలిటరీ నంబరు రాయించాలని ఉంది. ఫ్రెండ్స్ వద్దంటున్నారు.

జవాబు: ఫ్రెండ్స్ మాట వినండి. 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన ప్రకారం రక్షణశాఖ బళ్లకు తప్ప ఇంకే బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదు. బాణం గుర్తు నంబరుతో రోడ్డెక్కడం ఇంకా పెద్ద తప్పు. పైగా మనది తూర్పు నౌకాదళ కేంద్రం ఉన్న ఊరు. సింధియా జంక్షన్ దగ్గరో నేవల్ డాక్‌యార్డు దారిలోనో ఆ రంగు బండితో కనిపిస్తే ఆపుతారు, ఆపాలి కూడా. యుద్ధకాలపు అమెరికా రంగు వేరు, ఇది వేరు అని అక్కడ నిలబడి వాదించకండి.

మీ కోరిక నాకు అర్థమవుతుంది, ఆ బండికి ఆ రంగులోనే ఒక చరిత్ర ఉంది. అందుకే ఇలా చేయండి. బయట ఇసుక రంగో బూడిద రంగో వేయండి. బానెట్ లోపలివైపు, డ్యాష్ వెనక మిగిలిన పాత రంగుని గీకకుండా అలాగే వదిలి పైన పారదర్శకమైన వార్నిష్ కొట్టండి. బయటి రంగుని కూడా మెషిన్ పెట్టి ఒక్కసారే తీసేయకుండా బాడీ పక్కన, బంపర్ మీద నీళ్లు పోసుకుంటూ సన్నటి ఎమిరీ కాగితంతో మెల్లగా రుద్దండి, పొరల కింద పాత అంకెలు, యూనిట్ గుర్తులు బయటపడొచ్చు. పడితే ముందు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి, ట్రేసింగ్ కాగితం మీద గీసుకోండి, ఆ తర్వాతే ప్రైమర్ డబ్బా మూత తీయండి.