మెస్సీ మ్యాచ్‌కి వెళ్తానంటున్న మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి అత్త ఆశీస్సులు.

జూన్ 22న ఆర్లింగ్టన్‌లో అర్జెంటీనా, ఆస్ట్రియా మ్యాచ్‌కి వెళ్లి తీరతానని పట్టుబట్టావట. మీ అమ్మ నిన్న ఫోన్ చేసి చెప్పింది. చిన్నప్పుడు నేను మ్యాచ్ పెడితే రిమోట్ లాక్కునేవాడివి, ఈరోజు వరల్డ్ కప్‌కి వెళ్తానంటున్నావు. ఎంత సంతోషమేసిందో చెప్పలేను. టికెట్ ధర కూడా చెప్పింది. అక్కడ గుండె గుభేలుమంది. అందుకే ఫోన్‌లో కాకుండా తీరిగ్గా రాస్తున్నాను, సగంలో పెట్టేయకుండా చదువు.

నిన్ను మార్చింది ఎవరో నాకు తెలుసు. 2023 ఆగస్టు 6న మీ ఫ్రిస్కోలోనే ఎఫ్‌సీ డాలస్‌తో ఇంటర్ మయామీ మ్యాచ్. ఫ్రెండుకి తోడుగా వెళ్లావు. 4-2తో వెనకబడిన మెస్సీ జట్టు మయామీ, 85వ నిమిషంలో మెస్సీ ఫ్రీకిక్‌తో 4-4 అయింది, పెనాల్టీల్లో గెలిచింది. ఆ రాత్రి నాకు పెట్టిన వాయిస్ మెసేజ్‌లో నీ మాటలు సగం అర్థం కాలేదు, వెనక అంత గోల. మన ఇంట్లో అందరూ ఇలాగే ఫుట్‌బాల్లోకి వచ్చారు నాన్నా, ఒక్క మనిషిని చూసి. అందులో తప్పేమీ లేదు. ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో పుస్తకంలో చదివి ఎవరూ ఆటని ప్రేమించరు.

పార్కింగ్ ముందే బుక్ చేసుకో. లోపలికి ఏ బ్యాగు రానిస్తారో స్టేడియం వాళ్ల రూల్స్ చదువు. నీళ్లు తాగు, అది టెక్సాస్ జూన్. తిరుగు ప్రయాణంలో నిద్రొస్తే కారు ఆపి పడుకో, ఎవరూ ఏమీ అనుకోరు.

గేటు దగ్గర మాత్రం జాగ్రత్త. 2024 జులైలో మయామీలో కోపా అమెరికా (దక్షిణ అమెరికా దేశాల కప్పు) ఫైనల్ నాడు టికెట్ లేని జనం గేట్ల మీద పడ్డారు. తోపులాటలో పిల్లల్ని ఎత్తుకుని తండ్రులు ఏడవడం టీవీలో చూశాను. మ్యాచ్ గంటకు పైగా ఆలస్యమైంది. నువ్వు రెండు గంటల ముందే వెళ్లి కూర్చో. జనం తోసుకొస్తుంటే పక్కకి తప్పుకో. పది నిమిషాల ఆట పోతే పోయింది, నువ్వు ముఖ్యం.

ఆ ఫైనల్లోనే ఇంకోటి జరిగింది. 66వ నిమిషంలో మెస్సీ గాయంతో బయటికొచ్చేశాడు. చీలమండ ఇంత లావు వాచింది, బెంచీ మీద మొహం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అప్పుడు నువ్వు టీవీ ఆపేశావని మీ అమ్మ ఎప్పుడో మాటల్లో అంది. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం అదే.

ఎక్స్‌ట్రా టైమ్‌లో, 112వ నిమిషంలో అర్జెంటీనా ఆటగాడు లౌటారో మార్టినెజ్ గోల్ కొట్టాడు. కొట్టి, నేరుగా బెంచీ దగ్గరికి పరిగెత్తి మెస్సీని కౌగిలించుకున్నాడు. నువ్వది చూడలేదు. రేపు హైలైట్స్‌లో చూడొచ్చు, కానీ ముప్పావు గంట సేపు మెస్సీ లేకుండా ఆ పదకొండు మంది ఎలా నిలబడ్డారో హైలైట్స్ చూపించవు.

నీకు ఈ గుణం ఎక్కడిదో నాకు తెలుసురా. మీ నాన్నది.

1986లో మా లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో టీవీ ఉన్న ఇళ్లు తక్కువ. ఇంగ్లండ్ మీద మారడోనా ఆడిన మ్యాచ్ పక్కింటి వాళ్ల హాల్లో, రాత్రి పొద్దుపోయాక, కింద చాప మీద కూర్చుని చూశాం. అది కూడా జూన్ 22నే, నువ్వు వెళ్లే రోజుకి సరిగ్గా 40 ఏళ్లు. సొంత సగంలో బంతి అందుకుని, ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ వెళ్లి, చివరికి గోలీ షిల్టన్‌ని కూడా తప్పించి లోపలేశాడు. మీ నాన్న లేచి గోడకి గుద్దుకున్నాడు. అప్పటికి అతనికి ఇరవై ఏళ్లు. మర్నాటి నుంచి మారడోనాలా ఎడమ కాలితో తన్నడం మొదలుపెట్టాడు, కుడిచేతి వాటం మనిషి.

ఆ తర్వాత ఎనిమిదేళ్లు మా ఇంట్లో మారడోనా తప్ప వేరే పేరు లేదు. 1990 ఫైనల్ ఓడితే మీ నాన్న రెండు రోజులు అన్నం ముట్టలేదు. 1994లో గ్రీస్ మీద గోల్ కొట్టి మారడోనా కెమెరా మీదికి అరుస్తూ వస్తే, ఈయన ఇక్కడ టీవీ ముందు అరిచాడు. నాలుగు రోజులకి నైజీరియాతో మ్యాచ్. అయిపోగానే తెల్ల బట్టల్లో ఒక నర్సు వచ్చి మారడోనాని చెయ్యి పట్టుకుని డోప్ పరీక్షకి తీసుకెళ్లింది. అతను నవ్వుతూ వెళ్లాడు. పరీక్షలో ఎఫెడ్రిన్ అనే నిషేధించిన మందు బయటపడింది, వరల్డ్ కప్ నుంచి పంపించేశారు.

మీ నాన్న టీవీ ఆపేశాడు. గోడ మీది పోస్టర్ తీసి మడిచి బీరువా పైన పెట్టాడు. జులై 3 రాత్రి అర్జెంటీనా, రొమేనియా మ్యాచ్ ఉంటే నేను వెళ్లి లేపాను, "అన్నయ్యా, బాటిస్టూటా ఆడుతున్నాడు, ఒక్క పది నిమిషాలు చూడు" అని బతిమాలాను. గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేనొక్కదాన్నే చూశాను. డుమిట్రెస్కూ రెండు, హాజీ ఒకటి, రొమేనియా 3-2తో గెలిచింది. అర్జెంటీనా ఓడిందని ఏడుపొస్తూనే ఉంది, రొమేనియా వాళ్ల కౌంటర్ అటాక్ చూస్తుంటే కళ్లు తిప్పుకోలేకపోతున్నాను. తెల్లవారాక చెప్పడానికి ఇంట్లో మనిషి లేడు. నాకు ఫుట్‌బాల్ నేర్పిందే అతను. ఆ రోజు తర్వాత మేమిద్దరం కలిసి ఒక్క మ్యాచ్ చూడలేదు. అతను జిదాన్‌ని చూడలేదు, రొనాల్డినోని చూడలేదు. 2020లో మారడోనా పోయిన రోజు మాత్రం నాకు ఫోన్ చేసి, ఏమీ మాట్లాడకుండా పెట్టేశాడు.

మోసపోయానని అతని బాధ, నాకు తెలుసు. కానీ మారడోనా మీద కోపం ఆట మీద చూపించాడు. అక్కడే పొరపాటు చేశాడు.

మీ తాతయ్య అలా చెయ్యలేదు. ఆయన హీరో ఇండియా జట్టుకి ఆడిన తులసీదాస్ బలరాం, మన అమ్ముగూడ కుర్రాడు. ముప్పై నిండకుండానే ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానాల్సి వచ్చింది. 1963లోనే ఇండియా కోచ్ రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. ఆ తర్వాత మన దేశం ఆట ఎలా దిగజారిందో అందరికీ తెలుసు. అయినా తాతయ్య ఆదివారం వస్తే ఏదో ఒక మైదానం గట్టున కూర్చునేవారు. బలరాం కోసం వెళ్లిన మనిషి జట్టు మొత్తాన్ని నేర్చుకున్నారు. గోల్‌లో తంగరాజ్, తలకి కుట్లతోనే ఫైనల్ ఆడిన జర్నైల్ సింగ్, 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ ఫైనల్లో దక్షిణ కొరియాని 2-1తో ఓడించిన కథ నాకు ఎన్నిసార్లు చెప్పారో. చెప్పిన ప్రతిసారీ పాస్ ఎవరిచ్చారో కూడా చెప్పేవారు.

నువ్వూ అది చెయ్యి. మెస్సీ ఎక్కువ సేపు నడుస్తూనే కనిపిస్తాడు, తల మాత్రం అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. టీవీలో కెమెరా బంతి వెంట పోతుంది కాబట్టి ఇది తెలియదు, స్టేడియంలో తెలుస్తుంది. అతను నడుస్తున్నప్పుడు అతని కోసం ఎవరు పరిగెడుతున్నారో వెతుకు. బంతి పోతే డి పాల్ ఎటు వస్తాడు, హూలియన్ అల్వారెజ్ ఎవరి మీదికి ఉరుకుతాడు, మెస్సీ లోపలికి జరిగితే ఖాళీ అయిన పక్క ఎవరు ఆక్రమిస్తారు. ఫస్ట్ హాఫ్‌లో ఒక పది నిమిషాలు మెస్సీని వదిలేసి ఇదే చూడు. ఆస్ట్రియా వాళ్లనీ చూడు, వాళ్లు పరిగెత్తి మీద పడే జట్టు. మెస్సీకి ఆ వారంలోనే 39 నిండుతాయి. ఆ రోజు అతను మొత్తం ఆడతాడో, బెంచీ మీదుంటాడో ఎవరు చెప్పగలరు? బెంచీ మీదుంటే లేచి వచ్చేయకు. నా మీద ఒట్టు.

ఇక డబ్బు సంగతి. ఈసారి ఫిఫా గిరాకీని బట్టి ధరలు పెంచుతోంది. అఫీషియల్ సైటులో తప్ప ఎవడో తెలిసినవాడి దగ్గర కొనకు. క్రెడిట్ కార్డు మీద వేసి నెలనెలా వడ్డీ కట్టే పనైతే అసలే వద్దు. నీ చేతిలో ఎంత ఉందో నిజం చెప్పు, తక్కువైంది నేను పంపుతాను. మీ నాన్నకి తెలియనివ్వను. ఆ రోజు నేను వాళ్లింటికి వెళ్లి టీవీ పెట్టబోతున్నాను, అదీ అతనికి తెలియదు. బ్రేక్‌లో నాకు కాదు, ఆయనకి వీడియో కాల్ చెయ్యి. ఎత్తకపోతే మళ్లీ చెయ్యి.

మీ అత్త