మంచు లేని విజయనగరంలో స్కీయింగ్ వేగం పెంచుకోవడం ఎలా?

కశ్మీర్‌లోని గుల్‌మార్గ్‌లో క్రాస్ కంట్రీ స్కీయింగ్ (కాళ్లకు స్కీలనే పొడవాటి పలకలు తొడుక్కుని మంచు మీద జారుతూ సాగడం) నేర్చుకుని వచ్చారు, మళ్లీ వెళ్లేలోపు విజయనగరంలోనే వేగం, టెక్నిక్ మెరుగుపరచుకోవాలి, అంతేగా? తప్పకుండా కుదురుతుంది.

వేగం చేతుల బలంలో కన్నా జారడంలోనే ఎక్కువ ఉంది. ఒంటి బరువంతా ఒక స్కీ మీదికి పూర్తిగా మారితేనే అది దూరం జారుతుంది. బరువు రెండు కాళ్ల మధ్య ఉండిపోతే ప్రతి అడుగూ కురచైపోతుంది. అందుకే రోజూ చెప్పుల్లేకుండా ఒంటికాలి మీద నిలబడండి. మోకాలు, చీలమండ కాస్త వంచి, ముక్కు, మోకాలు, బొటనవేలు ఒకే నిలువు గీతలో ఉన్నాయో లేదో అద్దంలో చూసుకోండి. నా దృష్టిలో ఇంతకంటే ముఖ్యమైన కసరత్తు లేదు.

పోల్స్ (చేతికర్రలు) మంచులో గుచ్చాక ముందు పొట్ట కండరాలతో ఒంటిని వంచాలి, చేతులు ఆ తర్వాతే తోయాలి.

స్టామినాకి రామతీర్థం కొండ మెట్లు బాగా పనికొస్తాయి. వారంలో ఎక్కువ రోజులు మాట్లాడగలిగేంత నెమ్మదిగా, ఒకటి రెండు రోజులు మాత్రం గట్టిగా ఎక్కండి. రోలర్ స్కీలు (రోడ్డు మీద వాడే చక్రాల స్కీలు) దొరికితే ఇంకా మంచిది. కానీ చాలావాటికి బ్రేకులుండవు, కాబట్టి హెల్మెట్ పెట్టుకుని, తెల్లవారుజామున, వాహనాలు తిరగని చదునైన రోడ్డు మీదే చేయండి. గుల్‌మార్గ్ సుమారు 2,650 మీటర్ల ఎత్తులో ఉంది. ఆ ఎత్తుకు ఒళ్లు అలవాటుపడేలా అక్కడికి నాలుగు రోజులు ముందే చేరుకోండి.