ఫోటో చూసి వేస్తే వస్తోంది, మనిషిని చూసి వేస్తే రావట్లేదు: సమాధానం

ఏడాదిగా సొంతంగా ఫోటోలు చూసి పోర్ట్రెయిట్లు వేస్తున్నా, ఎదురుగా మనిషి కూర్చుంటే కొలతలు తప్పుతున్నాయన్నారు. లోపం చేతిది కాదు. ఫోటో మనిషిని ముందే చదును చేసి ఇస్తుంది. ఆ పని మీ కంటికి ఇంకా అలవాటు కాలేదు.

డచ్ చిత్రకారుడు వాన్ గో 1880లో, 27 ఏళ్ల వయసులో, చాలావరకు సొంతంగానే మొదలుపెట్టాడు. బొమ్మలు నేర్చుకునేవాళ్ల కోసం ఫ్రెంచ్ చిత్రకారుడు బార్గ్ తయారుచేసిన అభ్యాస చిత్రాలను, మరో ఫ్రెంచ్ చిత్రకారుడు మిలే గీసిన రైతులను చూసి దించాడు. అక్కడ ఆగలేదు. 1882లో దారాలు కట్టిన చట్రం చేయించుకుని, అందులోంచి చూస్తూ వేశాడు. చాలామంది వదిలేసేది ఈ మెట్టే.

1. అట్టలో మీ కాగితం నిష్పత్తిలోనే కిటికీ కోయండి. నిలువుగా, అడ్డంగా, ఐమూలగా నల్లదారం బిగించండి.
2. కాగితం మీద అవే గీతలు పలచగా గీయండి.
3. చట్రం కదలకుండా నిలబెట్టి, ఒక కన్ను మూయండి. తల కదిలితే కొలత పోయినట్టే.
4. కళ్లు, ముక్కు తర్వాత. ముందు దారానికీ చెంపకీ మధ్య మిగిలిన ఖాళీ ఏ ఆకారంలో ఉందో అది గీయండి. నాకు ఇక్కడే దారి దొరికింది. అమ్మ బియ్యం ఏరుతుంటే వేశాను, భుజం నేను అనుకున్నదానికంటే ఎంత కిందికి ఉందో అప్పుడు కనిపించింది.

రోజుకు పావుగంట చాలు. ఫోటోలు మానక్కర్లేదు.